మైపాడులో నేర్చిన మాట

ఉదయగిరి,
14 మే 2025

అశ్వితా,

ఫోన్ చేస్తే నాలుగో మాటకే "సిగ్నల్ సరిగా లేదు పిన్నీ" అంటావు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు కనుక రాస్తున్నాను. మన కుటుంబం వాట్సాప్ గ్రూపులోంచి నేను బయటికి వచ్చేశానని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. చేయి తగిలి వచ్చేశానేమో అని మీ అమ్మ అంటోందట. తగల్లేదు. చూసి, ఆలోచించి, నొక్కి మరీ వచ్చాను.

మీ మైపాడు ఫోటో చూశాను. సముద్రం ముందు మీరంతా వరసగా నిలబడ్డారు. అందరికీ ఒకేలాంటి నీలం టీషర్టులు, గుండెల మీద తెల్లటి అక్షరాల్లో మీ నాయన ఇంటిపేరు. మా అక్క పట్టుచీర మీదే టీషర్టు తొడుక్కుంది. మీ తమ్ముడు ప్రశాంత్ నల్లకళ్ళద్దాలతో హీరోలా ఉన్నాడు. మీ ఆయన వినోద్ కూడా అదే ఇంటిపేరు వేసుకుని నవ్వుతున్నాడు. అతని ఇంటిపేరు అది కాదు. మధులతకైతే గుప్పెడంత టీషర్టు కుట్టించారు. ముద్దుగా ఉంది. రెండేళ్ళ బిడ్డకు ఏ బట్టలు వేసినా ముద్దుగానే ఉంటుంది.

ఫోటోకు కుడి అంచున ఒక చెయ్యి ఉంది చూశావా? పాలసీసా పట్టుకున్న చెయ్యి. మోచేతి దగ్గర ఫోటో తెగిపోయింది. దాని మీద తేలు పచ్చబొట్టు. నాకు ఆ చెయ్యి బాగా తెలుసు. నాలుగేళ్ళ కింద ఇక్కడి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో, మీ నాయన నా మొహాన తలుపు వేసిన మర్నాడు, మీ పెళ్ళికి సాక్షిగా వేలిముద్ర వేసిన చెయ్యి అది. వినోద్ తల్లి వెంగమ్మ. మీరిద్దరూ పొద్దున్నే ఉద్యోగాలకు పోతే, చేజర్ల చెరువుకట్ట మీది ఇల్లు వదిలి, చేపలవల చుట్టి పైన పెట్టి, ఆత్మకూరులో మీ ఇంట్లో ఉండి ఆ బిడ్డను పెంచుతున్న మనిషి. బిడ్డకు అవ్వ. ఆమె ఫోటో బయట ఎందుకుంది?

జవాబు నాకు తెలుసు. మీ నాయన. పోయిన వారమే గదా మల్లికార్జున బావ పెంచలకోన పోయి అమ్మవారికి చీర సమర్పించి వచ్చింది? అక్కడి స్వామి చెంచుల పిల్లను పెళ్ళాడితే మీ నాయన చెప్పులు విడిచి దణ్ణం పెడతాడు. ఇంట్లో బిడ్డ యానాది పిల్లవాణ్ణి పెళ్ళాడితే రెండేళ్ళు మాట్లాడడు. మనవరాలు పుట్టాక తలుపు తీశాడు, నిజమే. తీసిన తలుపులోంచి ఎవరు లోపలికి పోయారు, ఎవరు గడపలో ఆగిపోయారు? ఫోటోలో కనబడుతూనే ఉంది. దేవుడి పెళ్ళికి లేని అభ్యంతరం మనుషుల పెళ్ళికి ఎందుకో ఈ జిల్లాలో ఒక్కడు నాకు చెప్పగలిగితే నేను పత్రికలకు వ్యాసాలు రాయడం మానేస్తాను.

మధుకు ఉదయగిరి చెక్క గరిటె పంపుతున్నాను. కొత్తది, నూనె వాసన పోలేదు. ఒకసారి వేడినీళ్ళలో కడిగి ఇవ్వు.

ఎండా మనుషులూ కలిసి తల పగలగొడుతుంటే,
మీ పిన్ని
సుకుమారి

*

ఆత్మకూరు,
20 మే

పిన్నీ,

గరిటె చేరింది. మధు దాంతో అన్నం తినడం లేదు, దాన్నే తింటోంది.

ఒక ఫోటో చూసి తీర్పు రాసేశావు. నిన్ను కూడా రమ్మన్నాం కదా? మీటింగు ఉందన్నావు. వచ్చుంటే నీ కళ్ళతో నువ్వే చూసేదానివి.

టీషర్టులు నెల ముందే ఆర్డర్ ఇచ్చారు. అప్పటికి అత్త వస్తుందని ఎవరికీ తెలీదు. బయలుదేరే ముందురోజు నేనే బతిమాలాను. అత్త లేకపోతే మధు అన్నం తినదు, నిద్రపోదు. ఫోటో సంగతంటావా, "నాకెందుకమ్మా, మీరు దిగండి, నేను సీసా పట్టుకుంటా" అని ఆమే పక్కకు పోయింది. ఎవరూ నెట్టలేదు. నాయన అయితే "ఆ పెద్దామెకి కుర్చీ ఎయ్యండిరా" అని అరిచాడు కూడా. నీ లెక్క ప్రకారం నాయన ఎప్పుడూ దుర్మార్గుడే అయి తీరాలి. మనిషి మారితే నీకు వ్యాసానికి వస్తువు పోతుంది.

నవ్వుకోవడానికి కూడా కొన్ని ఉన్నాయి, విను. పెంచలనరసయ్య పెదనాయన పెద్ద మొనగాడిలా రొమ్ము విరుచుకుని అలకు ఎదురు నిలబడ్డాడు. అల ఒక్క తోపు తోసింది. లేచి చూస్తే నోట్లో కట్టుడుపళ్ళు లేవు. "ఒరే వినోదూ, నీకు ఈత వచ్చు గదరా, ఎతుకు" అని బోసినోటితో ఒకటే గోల. మా ఆయన నవ్వుతూనే ఉప్పునీళ్ళలో బోలెడుసేపు మునిగాడు. దొరకలేదు. పెదనాయన మిగిలిన రెండు రోజులూ రసం అన్నంతో గడిపాడు. అమ్మకు నవ్వాగలేదు.

మధుకు సముద్రం అంటే చచ్చేంత భయం. అల వచ్చినప్పుడల్లా "అవ్వా" అని అత్త మెడ పట్టుకునేది. అత్త కూడా సముద్రం చూడటం అదే మొదలట. "చెరువుకైతే కట్ట ఉండాది. దీనికి ఏదమ్మా కట్ట? ఎవురు కట్టాల దీన్ని?" అంటే అందరం నవ్వాం.

ఇంతకీ నాకు నీతో పని పడింది. మైపాడు నుంచి వచ్చిన మర్నాడు "రొండు దినాలు కట్ట మీదికి పోయొస్తా" అని అత్త వెళ్ళింది. ఇంకా రాలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. నాకు బ్యాంకులో సెలవులు అయిపోయాయి. మధును రోజూ అమ్మ దగ్గర వదులుతుంటే అమ్మకు మోకాళ్ళు పట్టేస్తున్నాయి. వినోద్‌ను వెళ్ళమంటే ఏదో ఒక లైను రిపేరుందని తప్పించుకుంటున్నాడు. కరెంటు డిపార్టుమెంటులో ఎప్పుడూ ఏదో ఒక లైను రిపేరే. ఆమె నీ మాట వింటుంది. ఒకసారి చెప్పు. టీషర్టు లేదనే అలకైతే చెప్పమను, ఆ కొట్టువాడితో ఇంకొకటి వేయిస్తాను.

నీ మీద కోపం ఉన్నా నువ్వే దిక్కైన
అశ్విత

*

ఉదయగిరి,
27 మే

అశ్వితా,

టీషర్టు వేయిస్తావా? వేయించు. దాని మీద ఎవరి ఇంటిపేరు రాయిస్తావో ఆలోచించుకో.

చేజర్ల పోయి వచ్చాను. కట్ట మీదికి ఆటో రానంటే నడిచాను. వెంగమ్మ గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటోంది. నన్ను చూసి లేచి నవ్వి, పక్కింట్లోంచి పాలు తెప్పించి టీ పెట్టింది.

"ఏం జరిగింది వెంగమ్మా?" అన్నాను.

"ఏం జరగలేదు మేడమ్మా. సముద్రం బాగుండాది. నీళ్ళే ఉప్పు."

"మల్లికార్జున ఏమన్నా అన్నాడా?"

"ఆయన పెద్దాయన. ఆయనెందుకంటాడు?"

తల వంచుకుని ముడి వేసుకుంటూ కూర్చుంది. నేను లేచేటప్పుడు మాత్రం ఒక మాట అడిగింది. "పాప నన్ను అడగతా ఉండాదా?" అడుగుతోందన్నాను. "ఏమని అడగతా ఉండాది?" అంది. ఏమనేముంది, అవ్వ కావాలని అడుగుతుంది, అన్నాను. వల దులిపి ముఖం అటు తిప్పుకుంది. బిడ్డ మీద అంత బెంగ పెట్టుకున్న మనిషి ఊరికే ఇల్లు వదిలి వస్తుందా? మీ నాయన ఏమన్నాడో ఆమె చెప్పదు. ఆయన్ను పెద్దాయన అనడం ఆమెకు తరాల నుంచి నేర్పిన మర్యాద.

అట్నుంచి అటే ఆత్మకూరు పోయాను. మీ ఇంటికి రాలేదు. బ్యాంకులో నిలబడి అరవడం నాకు నచ్చదు. మీ నాయన వసారాలో నిలబడి అరవడానికి నాకేం అభ్యంతరం లేదు. అరిచాను. "ఏంది సుకుమారీ, ఎండలో వచ్చినావు, ముందు నీళ్ళు తాగు" అన్నాడు. తాగలేదు. ఆ ముసలామెను ఏమన్నావని అడిగాను. "ఎవురూ ఏమీ అనలా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. నాకు అది చాలు.

కట్టుడుపళ్ళ కథ చెప్పి నవ్వుకోమన్నావు. నవ్వలేకపోయాను. అక్కడ ఈత వచ్చిన మగపిల్లలు ఇంకెవరూ లేరా? మీ తమ్ముడు నెల్లూరులో ఫీజు కట్టి మరీ నేర్చుకున్నాడు గదా. పెదనాయన నోట్లోంచి "ప్రశాంతూ, ఎతుకు" అని ఎందుకు రాలేదు? ఎవరి ఎంగిలి పళ్ళు ఎవరు ఎతకాలో ఆ బోసినోటికి కూడా తెలుసు. అల్లుడు ముక్కుల్లోకి ఉప్పునీళ్ళు పోతుంటే మీరంతా ఒడ్డున నవ్వారు. నువ్వు కూడా నవ్వావు, నువ్వే రాశావు.

నిన్ను ఆ ఇంట్లోంచి బయటకు లాగినదాన్ని. మళ్ళీ లాగాల్సి వస్తుందనుకోలేదు.
సుకుమారి

*

ఆత్మకూరు,
30 మే

పిన్నీ,

నాయనకు బీపీ పెరిగి డాక్టరు దగ్గరకు తీసుకుపోయాం. నువ్వు వెళ్ళాక సరిగ్గా అన్నం తినలేదట. నీ కళ్ళలోకి చూడలేదన్నావు. ఎలా చూస్తాడు? నన్ను కాపాడుతున్నాడు.

అన్నది నేను.

రెండో రోజు సాయంత్రం ప్రశాంత్‌కు చూస్తున్న సంబంధం వాళ్ళు మైపాడు వచ్చారు. పెళ్ళిచూపులు కాదు, ఊరికే అటు వచ్చినట్టు వచ్చారు. పిల్ల తల్లి విజయకుమారి గారు, పిల్ల, ఇంకో నలుగురు. నాయన కంటే అమ్మ ఎక్కువ కంగారు పడింది. ఇసుకలో చాపలు పరిచి, బజ్జీలు తెప్పించి కూర్చున్నాం. అత్త మధును ఒళ్ళో పెట్టుకుని చాప చివర, సగం ఇసుకలో కూర్చుంది. విజయకుమారి గారు అటు చూసి, "ఎవురమ్మా ఈమె?" అన్నారు.

ఎవరూ నాకు ముందుగా ఏమీ చెప్పలేదు. నాయన చెప్పలేదు, అమ్మ చెప్పలేదు. అందరూ బజ్జీలు నమలడం ఆపారు, అంతే. నేను "ఆయా" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో పిన్నీ! గొంతులో ఎక్కడా అడ్డుపడలేదు.

అప్పుడే మధు అత్త గడ్డం పట్టుకుని "అవ్వా, బజ్జీ" అంది. విజయకుమారి గారు నవ్వి, "చూడమ్మా, ఆయాని పట్టుకుని అవ్వా అంటాది" అన్నారు. నేనూ నవ్వాను. "అవ్వ కాదు బంగారూ, ఆయా. ఆయా అను" అన్నాను. మధు నా మొహం చూసింది, అత్త మొహం చూసింది. "ఆయా" అంది. కొత్త మాట చెబితే మనం ఏం చేస్తామో అదే చేశారు అందరూ. చప్పట్లు కొట్టారు. అది మురిసిపోయి మళ్ళీ అంది. మళ్ళీ కొట్టారు. అత్త కూడా కొట్టింది పిన్నీ. మధు రెండు చేతులూ పట్టుకుని, వాటితో కలిపి కొట్టింది.

వినోద్ అక్కడే ఉన్నాడు. బజ్జీ సాస్‌లో ముంచుకుంటున్నాడు.

ఇప్పుడు చెప్పు. ప్రశాంత్ సంబంధం నా వల్ల చెడితే, నా పెళ్ళి వల్ల వాడికి పిల్ల దొరకలేదని జీవితాంతం నేను వినాలి. నువ్వు వింటావా? నువ్వు ఒంటరిదానివి. వ్యాసం రాసి తలుపు వేసుకుంటావు. నేను ఈ మనుషుల మధ్యే బతకాలి, వీళ్ళ ఇంట్లోనే బిడ్డను వదిలి పనికి పోవాలి.

మధు ఇప్పుడు రోజూ వాకిట్లో నిలబడి "ఆయా, ఆయా" అని పిలుస్తోంది. "ఏమని అడగతా ఉండాది?" అని అత్త నిన్ను అడిగింది అందుకే.

అశ్విత

*

ఉదయగిరి,
4 జూన్

అశ్వితా,

మీ నాయనకు క్షమాపణ కార్డు రాశాను. ఆ మాట అనని మనిషి మీద అరిచాను, నిజమే. కానీ పూర్తి క్షమాపణ రాయలేదు. ఆ చాప మీద కూర్చుని ఆయన కూడా చప్పట్లు కొట్టాడు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పెన్ను పట్టుకోలేదు. "ఎవరూ చెప్పలేదు" అన్నావు చూడు, దాని దగ్గరే ఆగిపోయాను. నాలుగేళ్ళ కింద మీ నాయన అరిచాడు. అరిచేవాడితో కొట్లాడొచ్చు, పోలీస్ స్టేషన్‌కి పోవచ్చు, నేను పోయాను. ఇప్పుడు ఆయన అరవడం మానేశాడు. మారాడని నువ్వు అన్నావు. అరవాల్సిన పని లేకుండా పోయింది, అంతే. కులానికి ఇంతకంటే ఏం కావాలి? కొట్టేవాడు కర్ర కింద పెట్టి కుర్చీలో కూర్చుంటాడు, "ఆ పెద్దామెకి కుర్చీ ఎయ్యండిరా" అని ఉదారంగా కూడా ఉంటాడు. చెయ్యాల్సింది పెళ్ళి రిజిస్టరు చేసుకున్న కూతురు చేసి పెడుతుంది. అదీ పసిబిడ్డ నోటితో!

నన్ను ఒంటరిదానివి అన్నావు. అవును. ఒంటరితనం ఎట్లా వచ్చిందో కూడా చెబుతాను విను. ఇలాంటి చాపల మీద కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు "ఎవురమ్మా ఈమె?" అంటారు, నేను ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మర్నాటి నుంచి నన్ను పిలవరు. ఒక్కో జవాబుకు ఒక్కో ఇల్లు పోయింది. నీకు ఒక్క ఇల్లూ పోకుండా పెళ్ళి, ఉద్యోగం, పుట్టిల్లు, అత్త అన్నీ కావాలి. అందులో నోరు లేనిది అత్త ఒక్కతే కనుక ఆమెను వదిలావు.

వినోద్‌కు వేరే రాయను. ఆ బజ్జీ ఎట్లా మింగుడుపడిందో అతన్నే అడుగు.

కట్ట మీదికి పో. చీర తీసుకుపోవద్దు, స్వీటు డబ్బా అసలే వద్దు. బిడ్డను తీసుకుపో. ఏం చెప్పాలో నేను రాసివ్వను.

సుకుమారి

*

ఆత్మకూరు,
12 జూన్

పిన్నీ,

ఆదివారం వెళ్ళాం. వినోద్ బండి దగ్గరే నిలబడిపోయాడు. సిగరెట్ మానేసిన మనిషి, ఎక్కడ తెచ్చుకున్నాడో ఒకటి వెలిగించాడు.

మధు ఆమెను చూడగానే చంక దిగి పరిగెత్తింది. "ఆయా!" అని. నేను దారంతా "అవ్వ, అవ్వ" అని చెబుతూనే వచ్చాను. అది మర్చిపోలేదు పిన్నీ. అన్ని చప్పట్లు కొట్టించుకున్న మాటను ఎలా మర్చిపోతుంది?

అత్త లేచి నిలబడింది. నడుం మీది కొంగు తీసి భుజాల మీదికి కప్పుకుంది. రెండేళ్ళ బిడ్డతో, "రాండి పాపగారూ. ఎండలో వచ్చినారే. లోపలికి రాండి" అంది.

ఎగతాళి అనుకున్నాను. మొహం చూశాను. కాదు. నాయన పొలంలో నాట్లకు వచ్చిన కూలీలు చిన్నప్పుడు నన్ను ఎలా పిలిచేవాళ్ళో అలాగే పిలిచింది.

కాళ్ళు పట్టుకున్నాను. ఏడ్చాను. తప్పయిపోయింది అన్నాను. "తప్పేముందమ్మా? అడిగినారు, చెప్పినావు" అంది. ఇంటికి రమ్మన్నాను. వస్తానంది. నాకు ఊపిరి ఆడింది. అప్పుడు అంది: "జీతం ఏం ఇస్తారు?"

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. "అవ్వయితే ఊరకే చేస్తది. రొండేండ్లు చేసినా గదా. ఆయా అయితే జీతం ఉంటది గదమ్మా. పొద్దన తొమ్మిదికి వస్తా, సాయంత్రం అయిదింటి బస్సుకు పోతా. రాత్రి ఉండను. ఆదివారం సెలవ."

"అదేంది అత్తా, నన్ను చంపుతావా?" అన్నాను.

"నువ్వు చెప్పిందే గదమ్మా నేను చెప్తా ఉండేది."

వినోద్ వచ్చి "అమ్మా, ఊరుకోమా" అన్నాడు. కొడుకు వంక చూడలేదు. "అయ్యగారికి కూడా చెప్పండి" అని నాతోనే అంది.

సోమవారం నుంచి వస్తోంది. తొమ్మిదికి చెప్పులు బయట విడుస్తుంది. వంటింట్లో నేల మీద కూర్చుని తను తెచ్చుకున్న క్యారేజీ తింటుంది. మధును ఎత్తుకుంటుంది, ఆడిస్తుంది, నిద్రపుచ్చుతుంది, అన్నీ చేస్తుంది. ముద్దు మాత్రం పెట్టుకోదు. సాయంత్రం చెప్పులు వేసుకుంటుంటే మధు గేటు పట్టుకుని ఏడుస్తుంది. "రేపొస్తా పాపగారూ" అని పోతుంది.

నేను ఏం చెయ్యాలి? తిట్టకుండా చెప్పు, ఈ ఒక్కసారికి.

అశ్విత

*

ఉదయగిరి,
16 జూన్

అశ్వితా,

జీతం ఇవ్వు. ఒకటో తారీకున, చేతికి, అడిగించుకోకుండా.

మిగతాది నీకు తెలుసు. కట్ట మీద ఏడ్చావు. అక్కడ చూసింది ఎవరు? ఆమె, చెరువు. నువ్వు ఆయా అన్నది చాప మీద, నలుగురి ముందు. ఆ నలుగురి ముందే అవ్వ అనాలి. ఇంట్లో చెప్పుకునే క్షమాపణ ఇంట్లోనే పడి ఉంటుంది. ఆషాఢం రాకముందే ప్రశాంత్ నిశ్చితార్థం పెట్టుకున్నారట గదా. ఆ మనుషులే వస్తారు. ఆమెను పక్కన నిలబెట్టుకో. సంబంధం చెడితే చెడనివ్వు. అట్లా చెడే సంబంధం మీ తమ్ముడికి ఎందుకు?

నన్ను పిలవలేదు. పిలిచినా ఆ రోజు వచ్చేదాన్ని కాదు. ఇది నువ్వు ఒక్కదానివే చెయ్యాలి.

తిట్టలేదు చూశావా,
పిన్ని

*

ఆత్మకూరు,
23 జూన్

పిన్నీ,

నిశ్చితార్థం నిన్న జరిగిపోయింది. ఫోటోలు బాగా వచ్చాయట. ఈసారి అంచున ఎవరి చెయ్యీ లేదు. పాలసీసా నా చేతిలోనే ఉంది. అత్త రాలేదు. నేను పిలవలేదనుకోకు.

గురువారమే విజయకుమారి గారికి ఫోన్ చేశాను. "మైపాడులో మీకు ఆయా అని చెప్పినాను గదండీ. ఆయా కాదు. మా అత్త. వినోద్ వాళ్ళ అమ్మ" అన్నాను. సంబంధం వద్దంటారనుకుని కళ్ళు మూసుకున్నాను. ఆమె నవ్వారు.

"మాకు తెలుసు లేమ్మా. సంబంధం కలుపుకునేవాళ్ళం, కనుక్కోకుండా వస్తామా? నువ్వు ఆయా అని చెప్పినావు చూడు, అప్పుడే మావాళ్ళు అన్నారు, పిల్లకి మర్యాద తెలుసు, ఇంటి పరువు ఎట్ట కాపాడాలో తెలుసు అని. అందుకే ఖాయం చేసుకున్నాం."

పిన్నీ, వాళ్ళకు ముందే తెలుసు. అడిగింది తెలుసుకోవడానికి కాదు. నేనేమంటానో చూడ్డానికి. నేను పాసయ్యాను.

"ఆమె నా పక్కన కూర్చుంటాది ఆదివారం" అన్నాను. "నీ ఇష్టం అమ్మా" అన్నారు. నాయనకు చెప్పాను. నాయన పేపర్ మడిచి, "ఏదో ఒకటి చెయ్యండి" అని లోపలికి పోయాడు. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకేం అనిపించలేదు. మొదటిసారి నాకేం అనిపించలేదు.

శనివారం అయిదింటికి అత్త చెప్పులు వేసుకుంటోంది. మధు గేటు పట్టుకుని ఉంది. గేటుకు అడ్డంగా నిలబడి చెప్పాను. రేపు ప్రశాంత్ నిశ్చితార్థం. నువ్వు రావాలి. నా పక్కన కూర్చోవాలి. అందరి ముందు నేనే చెబుతాను మా అత్త అని, మధు వాళ్ళ అవ్వ అని. పొద్దున వినోద్ కారు తీసుకుని కట్ట మీదికి వస్తాడు.

అత్త అంతా విన్నది. వంగి మధు వేళ్ళు గేటు నుంచి ఒక్కొక్కటే విడిపించి నా చేతిలో పెట్టింది. సంచి భుజానికి తగిలించుకుంది.

"రేపు ఆదివారం గదమ్మా," అంది. "నాకు సెలవ."

అశ్విత